రెండో పటం

వాంకూవర్,
18 సెప్టెంబరు 2005

ఆర్వో తమ్ముడికి,

నువ్వు పంపిన పొగచేప, నీ ఉత్తరం ఒకే సంచిలో వచ్చాయి. చేప రెండు పూటల్లో ఖాళీ. ఉత్తరం మాత్రం ఇప్పటికి ఏడుసార్లు చదివాను. ముప్ఫై ఐదేళ్లు మోటారు రంపం పట్టి చెవులు పోగొట్టుకున్నావు గానీ కళ్లు పోలేదురా, అదే నా అదృష్టం. ఫోను చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, నేను అరవడం, పక్కవాటా ఆవిడ గోడ బాదడం. ఆ గోలకంటే ఉత్తరాలే హాయి.

నువ్వు రాసినదే తిరిగి రాస్తున్నాను, సరిగా అర్థం చేసుకున్నానో లేదో చూడు. లూన్ క్రీక్ లోయలో కిందివాలు మీద పసుపు దేవదారులు నిలువునా ఎండి బూడిదరంగుకు తిరిగాయి. పురుగు లేదు, తెగులు లేదు, బెరడు చెక్కి చూశావు. పైవాలు మీదవి మాత్రం పచ్చగా, నిక్షేపంగా ఉన్నాయి. అంతేనా?

అయితే నా అనుమానం చెబుతాను, నవ్వకు. ఆ చెట్లు చలికి చస్తున్నాయి. శీతాకాలం వెచ్చబడింది కాబట్టి చలికి చస్తున్నాయి.

నవ్వావు కదూ? విను. పసుపు దేవదారుకి తొందరెక్కువ. మిగతా చెట్లు నిద్రలో ఉండగానే అది మేలుకుంటుంది. దాని సన్నవేళ్లు నేల పైపొరలోనే, జానెడు లోతులో పాకుతాయి, ఎందుకంటే కిందంతా బురద, ఊపిరాడదు. వేల ఏళ్లు దానికి ఈ తొందర చెల్లింది. పైన మంచు దుప్పటి ఉండేది. బయట ఎంత చలి వేసినా నాలుగడుగుల మంచు కింద నేల గడ్డకట్టదు. ఇప్పుడు కిందివాలు మీద మంచు బదులు వాన పడుతోంది. దుప్పటి లేదు. మార్చిలో ఒక్క వారం పొడిచలి వేస్తే చాలు, మేలుకున్న వేళ్లు గడ్డకట్టి చస్తాయి.

ఇదంతా ఇప్పటికి నా ఊహే. ఊహని నమ్మను, నీకు తెలుసు. అందుకే చొక్కా గుండీ అంతేసి ఉష్ణమాపకాలు నలభై పంపుతున్నాను. ఇరవై కిందివాలులో, ఇరవై పైవాలులో, చెట్ల మొదళ్ల దగ్గర జానెడు లోతున పాతిపెట్టు. గంటగంటకీ నేల వేడిని అవే గుర్తుపెట్టుకుంటాయి. వచ్చే వేసవిలో తవ్వి తియ్యి. బరమా కూడా పంపుతున్నాను. చెట్టు నడుముకి గుచ్చి పెన్సిలంత నమూనా లాగితే వలయాలు ఇక్కడ కొలెట్ లెక్కపెడుతుంది. పదకొండేళ్లుగా నా ఎదురు బల్ల మీద కూర్చుని వలయాలు లెక్కపెడుతున్న మనిషి. మనిద్దరి కంటే ఓపికస్తురాలు.

ఒక్క మాట. మీ కలప క్యాంపులో ఎవరికీ చెప్పకు. సగం సంగతి తెలిసినవాళ్లతో ప్రమాదం.

నీ మోకాలికి కట్టు కట్టుకుని మరీ ఎక్కు.

మీ అక్క,
హెల్మీ


టాల్వి బే క్యాంపు,
23 అక్టోబరు 2005

హెల్మీ అక్కకి,

నలభై గుండీలూ పాతాను. చెట్టు చెట్టుకీ నీలం రిబ్బను కట్టాను. మోకాలు నన్ను తిట్టింది, నేను నిన్ను తిట్టాను, చెల్లుకి చెల్లు.

మా సెన్యా వెంట వచ్చింది. "నాన్నా, అడవికి గుండీలు కుడుతున్నావా? అడవికి చొక్కా ఎప్పుడు వేశావు?" అంటుంది. పెళ్లయినా నాలుక పదును తగ్గలేదు. వాళ్లాయన డేల్ పాపం ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. అతనికీ క్యాంపులోనే పని, దుంగలు లాగే యంత్రం మీద.

దిగి వస్తుంటే మేనేజరు టిబెట్స్ ఎదురయ్యాడు. "ఏంటి ఆర్వో, జీవితమంతా చెట్లు కూల్చి ఇప్పుడు వాటికి పూజలా?" అన్నాడు. "మా అక్కకి చెట్ల పిచ్చి, నాకు అక్కంటే భయం" అన్నాను. నవ్వేసి పోయాడు. మాట దాటనివ్వలేదు, బెంగపడకు.

పైవాలులో ఒక పెద్ద చెట్టుకి నిలువునా పాత మచ్చ ఉంది. చేరెడు వెడల్పున బెరడు ఒలిచిన గుర్తు. కింది ఆదివాసుల ఊరి ఎడ్నా పెద్దమ్మని అడిగాను. "మా ముత్తవ్వల చేతి పని అది. బుట్టలకీ తాళ్లకీ ఒలుచుకునేవాళ్లు. ఒక్క చేరెడే ఒలవాలి, ఎక్కువ ఆశపడితే చెట్టు చస్తుంది. చావలేదుగా?" అంది. చావలేదు అన్నాను. ఆ మచ్చ పక్కన బరమా గుచ్చాను. కొలెట్‌ని లెక్కపెట్టమను.

వేడి ఎక్కువైతే మన సౌనా ఆవిరిగదిలో కూచోబెట్టి ఎవరినైనా చంపొచ్చు గానీ, వెచ్చదనం వల్ల చలికి చావడం నేనెక్కడా వినలేదు. నువ్వు చెప్పావు కాబట్టి నమ్ముతున్నాను.

నీ తమ్ముడు,
ఆర్వో


టాల్వి బే క్యాంపు,
11 జూన్ 2006

అక్కా,

గుండీలు ముప్ఫై ఎనిమిది దొరికాయి. రెండింటిని ఎలుగుబంటి నమిలింది. వాటి బదులు దాని కడుపులో ఎంత వేడి ఉందో కొలవమంటావా?

నీ ఊహ సంగతేమో గానీ నా కళ్లతో చూసింది రాస్తాను. మార్చి రెండో వారంలో కిందివాలు మీద మంచన్నదే లేదు, నాచు అంతా బయటికి కనబడుతోంది. ఆరు రోజులు ఉత్తరపు గాలి వీచింది. నేల మీద కాలు వేస్తే గాజు పెంకు విరిగినట్టు పటపటమంది. ఆ చప్పుడు నాకు వినపడలేదు, కాళ్లకి తెలిసింది. పైవాలులో అదే వారం నేను మొలలోతు మంచులో దిగబడ్డాను. పార పెట్టి తవ్వితే అడుగున నేల మెత్తగా, తడిగా ఉంది.

ఇంటి సంగతులు. సెన్యాకి నాలుగో నెల. ఊరంతా ఒకటే గుసగుస, కొట్టడానికి చెట్లు లేక క్యాంపు మూసేస్తారని. ఇరవై ఆరు కుటుంబాలు. డేల్ నవ్వడం మానేశాడు. నాది అయిపోయిన వయసు, వాళ్ల సంగతే చూడు.

నీకు ఈ గొడవలెందుకులే. నేరేడు రంగు అడవిపళ్ల జామ్ రెండు సీసాలు పెట్టాను, ఒకటి కొలెట్‌కి.

ఆర్వో


వాంకూవర్,
9 సెప్టెంబరు 2006

తమ్ముడూ,

కూర్చుని చదువు.

కిందివాలు నేల మార్చిలో సున్నాకి ఆరు డిగ్రీల కిందికి పోయింది. ఆ వేళ్లు సున్నాకి అయిదు డిగ్రీల కిందే చస్తాయి. పైవాలులో నీ పద్దెనిమిది గుండీల్లో ఒక్కటి కూడా సున్నాకి అర డిగ్రీ కిందికి దిగలేదు! నేను బల్ల మీద చెయ్యి గట్టిగా చరిచాను, కొలెట్ కాఫీ ఒలికింది. "ముప్ఫై ఎనిమిది గుండీలు అబద్ధమాడవు హెల్మీ" అని తుడుచుకుంటూ అంది.

ఎడ్నా గారికి చెప్పు, ఆ బెరడు ఒలిచిన ఏడు 1761. ఆ చెట్టు ఆ గాయాన్ని అంచుల నుంచి కొద్దికొద్దిగా కప్పుకుంటూ వచ్చింది. దానికి ఎనిమిది వందల యాభై ఏళ్లు, ఒకటి రెండు అటూ ఇటూ.

నివేదిక చిత్తుప్రతి దీంతో పెడుతున్నాను. మూడే ప్రతులు. నాకొకటి, కొలెట్‌కొకటి, నీకొకటి. ఎక్కడైనా వాలు పేరో, వాగు మలుపో తప్పు రాశానేమో చూసి దిద్దు.

ఇందులో రెండు పటాలున్నాయి. మొదటిదాంట్లో ఎర్ర రంగు వేసింది కిందివాలు, చనిపోయినవీ చనిపోబోయేవీ. రెండోదాంట్లో ఆకుపచ్చ రంగు పైవాలు. అక్కడ మంచు ఇంకో నూరేళ్లు నిలుస్తుందని లెక్క తేలింది. అంటే ఈ జాతి చెట్టు ఈ తీరంలో తలదాచుకునే చోటు అదే. ఎర్ర పటం వార్త మాత్రమే. నేను ఈ నివేదిక రాసింది ఆకుపచ్చ పటం కోసం.

ఎండిన చెట్లు కూడా వృథా కాదు సుమా. పసుపు దేవదారు చచ్చాక ఎనభై ఏళ్లు కుళ్లకుండా నిలబడుతుంది, గాలిలోంచి తాను తాగిన కర్బనాన్నంతా ఒంట్లోనే దాచుకుని. దాని నీడన వాగు చల్లగా ఉంటుంది, చేప బతుకుతుంది. మొదళ్ల దగ్గర కొత్త మొక్కలకి గాలి దెబ్బ తగలదు. వాటిని కొట్టేస్తే ఎండ నేరుగా నేలమీద పడి, నేలలో దాగిన కర్బనం కూడా గాలిలో కలుస్తుంది.

జాగ్రత్త. అచ్చయ్యేదాకా బీరువాలో పెట్టు. సెన్యాకి నా ముద్దులు. ఏడో నెలలో పడవ ప్రయాణాలు వద్దని చెప్పు.

అక్క


టాల్వి బే,
12 నవంబరు 2006

అక్కకి,

ఉత్తరం ఆలస్యమైంది, ఏమనుకోకు. నివేదిక చదివాను. బాగుంది. దిద్దాల్సిందేం లేదు.

ఇక్కడ వానలు. పడవకి రంగు వేశాను. సెన్యా బాగానే ఉంది.

ఎండిన చెట్లని కొట్టేస్తే నిజంగా అంత నష్టమా? ఊరికే అడుగుతున్నాను.

ఆర్వో


వాంకూవర్,
6 ఫిబ్రవరి 2007

ఆర్వో,

ముందుగా, మేనకోడలికి పాప పుట్టిందని తెలిసి ఆనందించాల్సిన మనిషిని, నువ్వు పంపిన కార్డు చేతిలో పట్టుకునే ఏడ్చాను. ఆ ఏడుపు వేరే దానికి.

లూన్ క్రీక్ లోయ కొట్టుకోవడానికి కంపెనీ దరఖాస్తు పెట్టింది. "ఎండిన కలప వృథా కాకుండా" అని. అందులో నా ఎర్ర పటం ఉంది. నేను వేసిన పటమే, నా రంగే. "ఈ చెట్లు కొన్ని దశాబ్దాల్లో చనిపోక తప్పదు" అన్న నా వాక్యం, కింద నా పేరు. ఆకుపచ్చ పటం లేదు. ఆ వాక్యం తరవాతి వాక్యం లేదు. లోయ అడుగు నుంచి శిఖరం దాకా మొత్తానికి అనుమతి అడిగారు, వచ్చేసింది కూడా. చెట్లు బతకడానికి రాసింది వాటి చావుకి సంతకమైంది.

మూడు ప్రతులురా. నాది సొరుగులో తాళం వేసి ఉంది. నీది నీ బీరువాలో ఉంది. మిగిలింది ఒకటే.

కొలెట్ డిసెంబరులో ఒక సలహా సంస్థకి ఉద్యోగానికి రాసింది, నాకు చెప్పకుండా. ఆ సంస్థ కంపెనీలకే పనిచేస్తుంది. ఇంకేం కావాలి? విభాగాధిపతికి చెప్పాను. ఆయన ఆమెని పిలిచి అడిగాడు. ఆమె బయటికి వచ్చి, నా బల్ల దగ్గర నిలబడి, "నీకూ అదే అనుమానమా హెల్మీ?" అంది. నేను తలెత్తలేదు. మధ్యాహ్నానికి తన సూక్ష్మదర్శినికి గుడ్డ కప్పి, కాఫీ కప్పు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. పదకొండేళ్లు.

చెట్టుకి లోపల పుచ్చిన సంగతి బయటికి తెలియదంటావు కదా నువ్వు. మనిషికీ అంతే.

నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

హెల్మీ


టాల్వి బే,
4 మార్చి 2007

అక్కా,

నీ ఉత్తరం చదివి అన్నం తినలేకపోయాను. ఏం రాయాలో తెలియడం లేదు. మనుషులు అలాగే ఉంటారు. కాలం గడిస్తే అదే సర్దుకుంటుంది. కొలెట్ విషయంలో మరీ కఠినంగా ఉండకు, ఆమె అలాంటి మనిషి కాకపోవచ్చు. నాకేం తెలుసు, ఊరికే అంటున్నాను.

ఏప్రిల్‌లో కోత మొదలు. నన్ను ముందు జట్టుకి పెద్దని చేశారు. పాపకి మన అమ్మ పేరు పెట్టారు.

ఆర్వో


టాల్వి బే,
20 మే 2007

అక్కకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి పొయ్యిలో వేశాను. ఇది అయిదోది.

నివేదిక ఇచ్చింది నేను. కొలెట్ కాదు. నేను.

కిందటి అక్టోబరులో టిబెట్స్ మా వంటింటికి వచ్చాడు. కాఫీ పోశాను. సెన్యా కూడా అక్కడే కూర్చుని పుట్టబోయే పాపకి మేజోళ్లు అల్లుతోంది. అతను నాకు వినపడేట్టు గట్టిగా, నిదానంగా మాట్లాడాడు. "ఆర్వో అన్నా, క్యాంపు వసంతానికి మూస్తున్నారు. లూన్ క్రీక్‌లో ఎండినవి కొట్టుకోనిస్తే ఇంకో అయిదేళ్లు లాగుతాం. అవి ఎండాయని నువ్వూ నేనూ చెబితే ఎవరు నమ్ముతారు? చదువుకున్నవాళ్ల కాగితం ఒకటి కావాలి. ఆ నీలం రిబ్బన్లు చూశాను, మీ అక్క రాస్తోందని తెలుసు. చచ్చిన చెట్టు కోసం ఏడ్చేవాళ్లు ఎవరు చెప్పు?"

"పచ్చవాటి మీద చెయ్యి వెయ్యరుగా?" అన్నాను.

"మా అమ్మ మీద ఒట్టు" అన్నాడు.

సెన్యా నా వంక చూసింది. ఆ మేజోళ్లు ఇంతింతే ఉన్నాయి అక్కా, నా బొటనవేలికి సరిపోతాయి. లేచి బీరువా తీశాను.

రెండు పటాలూ కలిపే ఇచ్చాను. అది నువ్వు నమ్మినా నమ్మకపోయినా నిజం. ఎర్రవి కొడతారు, ఆకుపచ్చవి చూసి వదిలేస్తారు, అక్క మాటా దక్కుతుంది, పిల్లల కూడూ దక్కుతుంది అనుకున్నాను. నాలాంటి తెలివైనవాడు ఇంకొకడు లేడనుకున్నాను. అచ్చయ్యాక నీకు చెబుదామనుకున్నాను. తరవాత నీ ఫిబ్రవరి ఉత్తరం వచ్చింది. చెప్పాల్సిన రోజు అదే. ఆ రోజు చెప్పి ఉంటే కొలెట్ తన బల్ల దగ్గరే ఉండేది. కాగితం ముందు పెట్టుకుని, ఒక మంచి మనిషి మీద పడిన బురదని చూస్తూ, "మనుషులు అలాగే ఉంటారు" అని నీకే నీతులు రాశాను. నివేదిక ఇవ్వడం మూర్ఖత్వం. ఇది మాత్రం పాపం.

ఏప్రిల్‌లో నెల రోజులు ఎండినవే కొట్టాం. మే మొదట్లో జట్టుని పైవాలుకి ఎక్కించారు. నేను టిబెట్స్ దగ్గరికి పోయి "ఒట్టు వేశావు" అన్నాను. అతను నా చెవి దగ్గర నోరు పెట్టి, "అనుమతి కాగితంలో శిఖరం దాకా ఉంది. మీ అక్క సంతకమే. నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు. నవ్వుతూ కూడా అనలేదు. విసుగ్గా అన్నాడు. చాలా పనులున్నవాడిలా.

మరి నేను ఏం చేశానో తెలుసా? తిరిగి పైకి వెళ్లి రంపం అందుకున్నాను. ముప్ఫై ఐదేళ్ల అలవాటు చేతులది. ఒక చెట్టు పడగొట్టాను. పడ్డాక మొద్దు చూశాను. పసుపుపచ్చగా, పాలుకారుతూ, ఒక్క మరక లేదు. ఆ వాసన తెలుసు కదా నీకు. దాని వేళ్లకి ఏ చలీ తగల్లేదు. దానికి తగిలింది నేనే.

రంపం అక్కడే వదిలేసి దిగి వచ్చాను. మళ్లీ ఎక్కలేదు.

కొలెట్‌కి కూడా ఉత్తరం రాశాను. చిరునామా తెలియక మీ విభాగానికే పంపాను. అందేలా చూడు. అది నువ్వు విప్పి చదివినా పర్వాలేదు.

నన్ను ఏమన్నా అను. ఊరుకోవద్దు మాత్రం.

ఆర్వో


వాంకూవర్,
3 జూన్ 2007

ఆర్వో లెహ్తినెన్‌కి,

నీ ఉత్తరం అందింది. కొలెట్ ఉత్తరం విప్పలేదు. నేనే పట్టుకెళ్లి ఇచ్చాను.

గుమ్మంలో నిలబడి చదివింది. నన్ను లోపలికి రమ్మనలేదు. చదివి, మడిచి, "మీ తమ్ముడు పిరికివాడు, కానీ చెప్పాడు. నువ్వేం చేశావు హెల్మీ?" అంది. మళ్లీ తనే అందుకుంది. "ఉద్యోగానికి ఎందుకు రాశానో తెలుసా? మా నాన్నకి ఒంట్లో బాగోలేదు, ఆ ఊళ్లో ఉందా సంస్థ. నువ్వు కంగారుపడతావని, ఖాయమయ్యాక చెబుదామనుకున్నాను. చెట్లు ఎందుకు చస్తున్నాయో చెప్పడానికి ముప్ఫై ఎనిమిది కొలతలు కావాలన్నావు. నన్ను మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు."

తలుపు వేసుకుంది. చప్పుడు కాకుండా వేసుకుంది.

ఆర్వో, నేను ఇప్పుడు రెండువైపులా కాలుతున్నాను. నా తమ్ముడు నన్ను మోసం చేశాడు. ఆ మోసం వెలుగులో చూసుకుంటే, నేను చేసినదీ మోసమే. కానీ నా తప్పు ఉంది కదా అని నీది తగ్గదు. ఎంత ప్రయత్నించినా తగ్గడం లేదు. సెన్యా మేజోళ్ల సంగతి రాశావు. నాకు జాలి వేసింది, ఆ జాలి చూసి ఇంకా కోపం వచ్చింది. నన్ను అడిగి ఉండొచ్చు కదరా. "అక్కా, క్యాంపు మూస్తారు, ఏం చేద్దాం" అని ఒక్క ఉత్తరం. కిందటి జూన్‌లో రాసి, మళ్లీ "నీకు ఈ గొడవలెందుకులే" అన్నావు. నేను అప్పుడైనా అడగలేదు. గుండీల తొందరలో ఉన్నాను.

అనుమతి మీద అభ్యంతరం వేశాను. విచారణ అయ్యేదాకా కోత ఆపమన్నారు. విచారణ నవంబరు 14న ఇక్కడే. నువ్వు రావాలి. రెండు పటాలూ నీ చేత్తో ఇచ్చావని నలుగురి ముందు చెప్పాలి. టిబెట్స్ ఎదురుగా కూర్చుని ఉంటాడు, ఊళ్లోవాళ్లు కూడా. తెలిసే అడుగుతున్నాను.

హెల్మీ


టాల్వి బే,
2 డిసెంబరు 2007

అక్కకి,

క్షేమంగా చేరాను. పడవలో సముద్రం మీద ఒకటే కుదుపు.

ఆ రోజు సగం మాటలు నాకు వినపడలేదు, నువ్వు చూశావుగా. మైకు ముందు కూర్చుని నా మానాన నేను చెప్పేశాను. ప్రశ్నలు కాగితం మీద రాసి చూపించమంటే విచారణ చేసేవాళ్లలో ఒకాయన చిరాకుపడ్డాడు. చెప్పినంతసేపూ టిబెట్స్ తన టోపీ వంకే చూశాడు. ఎడ్నా పెద్దమ్మ లేచి మాట్లాడింది మాత్రం ఆవిడ పెదాల మీద మొత్తం చదివాను. "అక్క కాగితం, తమ్ముడి కాగితం, కంపెనీ కాగితం. మీ గొడవ మీరు తేల్చుకోండి. ఆ లోయ మాది. ఒక్కరైనా మా గడప తొక్కి అడిగారా?" నేను కూడా ఆవిడని మచ్చ గురించి అడిగాను గానీ, లోయ గురించి ఎప్పుడు అడిగాను?

తీర్పు కిందటి వారం వచ్చింది. పైవాలు మీద కోత రద్దు. మే నెలలో పడిపోయినవి పడిపోయినట్టే, నూట పద్నాలుగు చెట్లు. మచ్చ చెట్టు అందులో లేదు. ఎడ్నా పెద్దమ్మ వెళ్లి చూసుకుని వచ్చింది. ఇకమీద ఆ ఊరివాళ్లని అడగకుండా ఆ లోయలో ఎవరూ చెట్టు ముట్టకూడదట. మన కొలతలకి కూడా అదే లెక్క.

క్యాంపు మూసేశారు. డేల్‌కి ఎక్కడో ఉత్తరాన గనిలో పని దొరికింది. సెన్యా పాపని తీసుకుని మొన్న గురువారం వెళ్లిపోయింది. రేవు దగ్గర, "నువ్వు బీరువా తీయకపోతే వసంతంలోనే పోయేవాళ్లం. తీశావు కాబట్టి చలికాలంలో పోతున్నాం. అంతే తేడా నాన్నా" అంది. తిట్టిందో ఓదార్చిందో తెలియలేదు. కొట్టులో నేను అడుగు పెడితే జనం మాటలు ఆపేస్తున్నారు. వినపడనివాడి ముందు మాటలు ఆపడం ఎందుకో!

ఒక్కటే ఊరట. విచారణ అయ్యాక మెట్ల మీద నువ్వు నా చెయ్యి పట్టుకుని "వేసవికి రా" అన్నావు. చుట్టూ జనం గోల, అయినా నీ పెదాలు చూశాను. ఆ మాట మీదే ఈ శీతాకాలం గడుపుతున్నాను. జూన్ మొదటి వారం పడవకి వస్తాను. పొగచేప తెస్తాను.

నీ తమ్ముడు,
ఆర్వో


వాంకూవర్,
16 డిసెంబరు 2007

ఆర్వో తమ్ముడికి,

నువ్వు వచ్చి నిజం చెప్పావు. ఊరిలో ముఖం చెల్లకుండా పోతుందని తెలిసీ చెప్పావు. దానికి నీకు దణ్ణం పెడతాను, మనస్ఫూర్తిగా.

కొలెట్ తిరిగి రానంది. వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లిపోయింది. నివేదిక వచ్చే నెల అచ్చవుతుంది, మొదటి పేరు ఆమెదే. ఒప్పుకుంటూ ఒక్క ముక్క రాసింది: "పేరు వేసుకో. ఉత్తరాలు వద్దు." ఎదురు బల్ల ఖాళీగానే ఉంది. కొత్తవాళ్లని వేస్తామంటే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నాకూ తెలియదు.

ఇక నీ ఉత్తరం చివరి సంగతి. పది రోజులుగా దాన్ని ఎలా రాయాలా అని ఆలోచిస్తున్నాను. అబద్ధం మీద నిన్ను చలికాలమంతా కూర్చోబెట్టలేను. మన మధ్య దాపరికాలు ఇప్పటికే ఎక్కువయ్యాయి.

ఆ రోజు మెట్ల మీద నేను నీ చెయ్యి పట్టుకున్న మాట నిజం. నువ్వు పడిపోయేలా ఉన్నావు. అప్పుడు నేను అన్నది, "ఆర్వో, నిన్ను చూస్తే నాకు ఇంకా కడుపు మండుతోంది. వేసవికి రాకు" అని. నువ్వు నా ముఖంలోకి చూసి చిన్నప్పటిలా నవ్వి తల ఊపావు. నీకు వినపడలేదని నాకు అప్పుడే తెలిసింది. మళ్లీ చెప్పడానికి నోరు రాలేదు. నిన్ను అలాగే పడవ ఎక్కనిచ్చాను.

ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను, నువ్వు చదువుకోవడానికి వీలుగా, పెద్ద అక్షరాలతో.

వేసవికి రాకు, తమ్ముడూ.

మీ అక్క,
హెల్మీ